ఆడిటోరియంలో మంద

పోయిన ఎండాకాలం మా మనవరాలు గోపిక ఎమ్మెస్సీ ఆఖరు పరీక్షలు రాయాలి. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ వాళ్లు దాన్ని బయటికి పంపారు. కాపీ కొట్టిందనో, ఎవరితోనో కొట్లాడిందనో అనుకునేరు. అదేం కాదు. మా గొర్రెల మందను తోలుకుపోయి వాళ్ల కొత్త ఆడిటోరియంలో నిలబెట్టింది. తెల్లవారితే ఢిల్లీ నుంచి పెద్దసార్లు వచ్చి కాలేజీకి మార్కులు వేసే రోజట. పిల్లలకు మార్కులు వేసేవాళ్లకు కూడా మార్కులు వేసేవాళ్లుంటారని నాకు అప్పుడే తెలిసింది.

మాది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. యాసంగి కోతల కాలానికి మందను తీసుకుని కాలువ నీళ్ల ఊళ్లకు దిగడం మాకు తరతరాల అలవాటు. మిర్యాలగూడ వైపు కోసిన మళ్లలో కొన్నాళ్లు ఉంటాం, అక్కణ్నుంచి మేపుకుంటూ మెల్లగా కోదాడ వైపు పోతాం. ఒక రాత్రి మా మంద పొలంలో పడుకుంటే ఆ ఎరువుకు రైతు మాకు వడ్లు కొలుస్తాడు. నా కొడుకు రామనర్సయ్య మంద ముందు నడుస్తాడు. నేను గిన్నెల మూట, నడవలేని గొర్రెపిల్లల గంప పట్టుకుని ఏదో ఒక బండి దొరికించుకుని వెనకాల పోతాను. కోడలు ఇంటి దగ్గర బర్రెలను చూసుకుంటుంది. ఈ వయసులో నీకెందుకమ్మా అంటారు గానీ, ఇంట్లో కూర్చుంటే నాకు మోకాళ్లు నొస్తాయి, మంద వెంట ఉంటే నొయ్యవు.

ఆ మధ్యాహ్నం కోదాడ దగ్గర, గోపిక చదివే యూనివర్సిటీ వెనక మట్టిబాట మీద ఉన్నాం. గోడ పక్కనే ఉన్న మట్టయ్య అనే రైతు పొలానికి పోతున్నాం. గాలి ఆగిపోయింది. పడమటి దిక్కున మబ్బు నల్లగా కాక, పాచిపట్టిన నీళ్లలాగా పచ్చగా కనబడింది.

"అమ్మా, రాళ్లవాన," అన్నాడు రామనర్సయ్య.

చుట్టూ చూస్తే అన్నీ కోసిన మళ్లే. ఒక్క కొట్టం లేదు, ఒక్క రేకు లేదు. రాళ్లు పడుతుంటే గొర్రె పరుగెత్తదు. పక్కదాని పొట్ట కింద తల పెట్టి నిలబడుతుంది. అట్లా నిలబడే చచ్చిపోతుంది. ఈ మాట చెప్పడానికి కూడా నాకు నోరు రావడం లేదు, చూసినదాన్ని కాబట్టి.

అప్పుడు గోడ లోపలి నుంచి కేక వినబడింది.

"నాయినా! ఇటు తోలు! గేటు తీసిన, ఇటు తోలు!"

హాస్టలు మిద్దె మీద బట్టలు తీస్తూ గోపిక మమ్మల్ని చూసిందట. ఒంటి మీద నైటీ, భుజాన ఎవరివో తడి బట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. వెనక గేటు రేకు తలుపును నడుముతో నెట్టి పట్టుకుని, నాలుక మడిచి మంద పిలుపు పిలిచింది. చిన్నప్పుడు మా ఆయన వెంట తిరిగి నేర్చుకున్న పిలుపు. పైన మిద్దె మీద దాని స్నేహితురాళ్లంతా ఫోన్లు పట్టుకుని నోళ్లు తెరిచారు. లెక్కల్లో ఫస్టొచ్చే పిల్ల ఇట్లాంటి అరుపు అరుస్తుందని వాళ్లకేం తెలుసు!

గేటు లోపల దగ్గర్లో ఉన్నది ఆడిటోరియమే. దాని పక్క తలుపుకు తాళం. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"తాళం చెవి ఆఫీసుల ఉంది. సారు సంతకం లేంది ఇయ్యరు. జీవాలను బయటికి తోలమ్మా, నా నౌకరి పోతది!"

"సంతకం వచ్చేసరికి ఇవి ఉండయి అన్నా," అని గోపిక వంగి ఇటుకపెళ్ల తీసుకుంది.

తాళం ఊడి కింద పడింది. మొదటి రాయి నా కొడుకు నెత్తి మీద పడింది. ముందు నడిచే పోతు లోపలికి దూకగానే మంద మొత్తం దాని వెంట పోయింది. చివరి గొర్రె గడప దాటేసరికి బయట లోకం తెల్లబడిపోయింది. పైకప్పు మీద డప్పులన్నీ ఒక్కసారి మోగినట్టు ఒకటే మోత. గోపిక ఒక కుంటి పిల్లను ఒళ్లో పెట్టుకుని స్టేజీ మెట్ల మీద కూలబడింది. నన్ను చూసి నవ్వింది.

వాన వెలిశాక చూస్తే అనంతగిరి బాట మీద మా చుట్టం ఈదయ్య మంద సగానికి సగం పడి ఉంది. ఆయన ఒక చచ్చిన గొర్రె తల ఒళ్లో పెట్టుకుని దాని చెవిలోని మంచు తీస్తున్నాడు. మా మందలో ఒక్కటి పోలేదు.

కానీ ఆడిటోరియం సంగతి చెప్పాలిగా. నేల మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎర్ర కార్పెట్టు పరిచారు, కుర్చీలకు మెత్తటి గుడ్డలు తొడిగారు, పెద్దసార్ల కోసం స్తంభాలకు బంతిపూల దండలు చుట్టారు. ఒక్క దండ మిగల్లేదు. కార్పెట్టు రంగు అడుగున ఉందని నమ్మాలి తప్ప కనబడదు. తడిసిన ఉన్ని వాసన మాకు వాసనే కాదు గానీ, వార్డెన్ పూర్ణిమ మేడం ముక్కుకు చేతిరుమాలు పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరండీ మీరంతా? వీళ్లను లోపలికి ఎవరు రానిచ్చారు?"

"నేనే మేడం. మా నాయిన, మా నాయనమ్మ," అంది గోపిక.

"తెల్లారితే ఇన్‌స్పెక్షను తల్లీ! ఇదంతా ఏం చెయ్యను నేను?"

"గదే పొలంల అయితే మాకు వడ్లు కొలుద్దురు మేడం," అన్నాను, ఆమె భయం పోగొడదామని. ఆమె భయం పోలేదు. మాకు చీపుళ్లు తెప్పించింది. నేను, గోపిక, దాని స్నేహితురాలు రూప, మరికొందరు పిల్లలు కలిసి కరెంటు పోయేదాకా కడిగాం. ఊడ్చింది ఊడ్చినట్టే, కడిగింది కడిగినట్టే. ఎర్ర కార్పెట్టు మాత్రం మళ్లీ ఎర్రబడలేదు.

ఢిల్లీ సార్లు వచ్చారు, పోయారు. ఏం మార్కులు వేశారో మాకు తెలియదు. గోపికకు మాత్రం క్రమశిక్షణ కమిటీ ముందుకు రమ్మని పిలుపు వచ్చింది. వెంట ఇంటి పెద్దలను తీసుకురమ్మన్నారు.

ఇక్కడ మేమొక పొరపాటు చేశాం. మాలో ఒకరి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే, నష్టం చేసినవాళ్లు పొట్టేలును తీసుకుపోయి నలుగురి ముందు కట్టేస్తారు. దాన్నే తప్పు కట్టడం అంటాం. దాన్ని కోసి ఇరుపక్షాలు ఒకే బంతిలో కూర్చుని తింటారు. తిన్నాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఎత్తినవాడే తప్పు కట్టాలి. తాళం పోయింది, కార్పెట్టు పోయింది, నష్టం నష్టమే కదా అనుకున్నాం. రామనర్సయ్య మందలోకెల్లా మంచి పొట్టేలును తీసి కాలువలో కడిగి, నుదుట పసుపు పెట్టాడు. ట్రాలీ ఆటోలో తీసుకుపోయి ఆఫీసు మెట్ల పక్కన ఇనుప కడ్డీకి కట్టేశాం. గోపికకు చెప్పలేదు. చెప్తే వద్దంటుందని.

లోపల ఏసీ గది. పొడుగాటి బల్ల వెనక సార్లు, మేడంలు కూర్చున్నారు. మధ్యలో రిజిస్ట్రారు సారు. ఆయన కిటికీలోంచి కిందికి చూసి ఇటు తిరిగారు.

"ఆ పొట్టేలు మీదేనా అండీ? మా మెట్ల దగ్గర దానికేం పని?"

రామనర్సయ్య చేతులు కట్టుకున్నాడు. "తప్పు తెచ్చిన సార్."

"ఏం తెచ్చారు?"

"తప్పు సార్. మీరందరు తినాలె, మేం గూడ మీతోని కూసొని తింటం. ఇగ గీ ముచ్చట ఖతం."

గోపిక రెండు చేతులతో ముఖం మూసుకుంది. రిజిస్ట్రారు సారు కళ్లద్దాలు తీసి, పక్కన కంప్యూటరు కొట్టే ఆయన వైపు తిరిగి, "కమిటీకి లంచం ఇవ్వజూపారు. అది కూడా ఎక్కించండి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "లంచమైతే సాటుకు ఇస్తరు సారూ. గంత పొట్టేలును పట్టపగలు మీ వాకిట్ల కట్టేస్తమా? అది అరుస్తనే ఉన్నది గద!"

ఆ చివర కూర్చున్న ఒక సారుకు నవ్వొచ్చి దగ్గు కింద మార్చుకున్నాడు. రిజిస్ట్రారు సారు నవ్వలేదు. ఆయన గోపికతో మెత్తగానే మాట్లాడారు, అది ఒప్పుకోవాలి.

"చూడమ్మా, నీ మార్కులు చూశాను. బంగారం లాంటి పిల్లవి. నీ ఏడాది పాడవడం మాక్కూడా ఇష్టం లేదు. ఒక దారుంది. గొర్రెలవాళ్లు దౌర్జన్యంగా గేటు తోసుకుని వచ్చారు, తాళం వాళ్లే పగలగొట్టారు, నువ్వు భయపడి ఊరుకున్నావు. ఇంతే రాసివ్వు. వాళ్ల మీద మేమో కంప్లయింటు ఇచ్చుకుంటాం. నిన్ను మందలించి వదిలేస్తాం. పరీక్షలు రాసుకో."

గొర్రెలవాళ్లు అంటున్నాడు, మేం ఎదురుగానే కూర్చున్నాం. మమ్మల్ని చూస్తూనే అంటున్నాడు.

నేను గబగబా ఆలోచించాను. నన్ను పోలీసులు ఏం చేస్తారు, తీసుకుపోతే అన్నం వాళ్లే పెట్టాలి. "గట్లనే రాసుకోండ్రి సారూ," అన్నాను. "తాళం నేనే పలగొట్టిన. ముసల్దాన్ని, కండ్లు కనవడక పలగొట్టిన."

"నాయనమ్మా, నువ్వు ఊకో," అని గోపిక లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "ఇటుక నా చేతిల ఉండె సార్. హాస్టల్ మొత్తం చూసింది, వీడియోలు గూడ ఉన్నయి. తాళం పలగొట్టినందుకు ఏం శిక్ష ఉంటదో ఎయ్యండి, పడత. కార్పెట్టుకు గూడ ఎయ్యండి. కని జీవాలను లోపటికి తోలింది తప్పని నేను రాయను. గొర్లోళ్లు దౌర్జన్యం చేసిండ్రని అసలే రాయను. గొర్లోళ్లంటే ఎవరో కాదు సార్, మేమే."

ఆ బల్ల వెనకే కూర్చున్న పూర్ణిమ మేడం దానికి దారి చూపిద్దామనుకుందో ఏమో, ముందుకు వంగి అడిగింది.

"సరే గోపికా. మళ్లీ అట్లాంటి వానే వచ్చిందనుకో. ఏం చేస్తావ్?"

"ముందు తాళం చెవి అడుగుత మేడం."

"మంచిది. అంతే కావాలి మాకు. అది రాసుకోండి సార్..."

"ఇయ్యకుంటే ఇటుక తీసుకుంట," అంది గోపిక.

పూర్ణిమ మేడం కళ్లు మూసుకుంది.

ఆర్డరు అక్కడే చేతికిచ్చారు. హాస్టలు ఖాళీ చేయాలి, గేటు లోపల అడుగు పెట్టకూడదు, ఈ సెమిస్టరు పరీక్షలు రాయకూడదు. కారణాల్లో తాళం ఉంది, కార్పెట్టు ఉంది, పెద్దలకు ఎదురు చెప్పడం ఉంది, పొట్టేలు కూడా ఉంది. చదివి వినిపిస్తూ రూప పొట్టేలు దగ్గర నవ్వి, చివరికి వచ్చేసరికి ఏడ్చింది. ఆఖరి సెమిస్టరు కదా, ఆ పరీక్షలు మళ్లీ పెట్టేది ఏడాదికే. ఆరోజు సంతోషంగా ఆటో ఎక్కింది పొట్టేలు ఒక్కటే.

గోపిక ట్రంకుపెట్టెతో మట్టయ్య పొలంలోకి, మా దగ్గరికి వచ్చేసింది. రామనర్సయ్య దానితో మాట్లాడడం మానేశాడు. కోపం వస్తే వాడు అరవడు, నా ద్వారా మాట్లాడతాడు.

"అమ్మా, దాన్ని తినుమను."

"నువ్వే అనరాదు? నీ పక్కకే కూసున్నది."

"నాకేం మాటలున్నయ్ దానితోని. సార్లకు ఎదురు మాట్లాడేటంత పెద్దదాయె."

గోపిక కంచం తీసుకుని గొర్రెపిల్లల వైపు పోయింది. అది పోయాక వాడు తన పాదాలు నా ముందుకు చాపాడు. పగుళ్లలో మన్ను నల్లగా కూరుకుపోయి ఉంది.

"చూడు. గీ కాళ్లు దానికి రావొద్దనే గదమ్మా నేను ఇన్నేండ్లు నడిచింది? ఒక్క కాయితం. నాలుగు ముక్కలు రాస్తే అయిపోతుండె. నా మీద కేసైతే కానియ్యి, నేను పడకపోదునా?"

"పడుదువు. నేను గూడ పడుదును," అన్నాను. "కని అది గాడ కూసొని, గీళ్లెవరో నాకు ఎరకలేదు, తోసుకొని వచ్చిండ్రు అని రాసి పట్టా తెచ్చుకుంటే, ఆ పట్టా నీ ఇంట్ల ఏ గోడకు తగిలిద్దువురా?"

వాడు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కర్ర తీసుకుని గొర్రెల్లోకి పోయాడు.

పరీక్షలు రేపు మొదలవుతాయనగా పూర్ణిమ మేడం స్కూటీ మీద పొలానికే వచ్చింది. ఎండకు ముఖం కందిపోయింది. నేను నులక మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాను. గోపిక కాలువ దగ్గర గొర్రెలకు నీళ్లు పెడుతోంది. మేడం సంచిలోంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసి మంచం మీద పెట్టింది.

"రిజిస్ట్రారు గారిని బతిమాలి ఒప్పించానండీ. మీ పేర్లేమీ రాయక్కర్లేదు. నేను చేసింది తప్పు, మళ్లీ చెయ్యను. ఈ రెండు ముక్కలు చాలు. రేపొద్దున హాల్లో కూర్చోవచ్చు. మీరు చెప్తే వింటుంది, చెప్పండి."

నేను రామనర్సయ్య వైపు చూశాను. ఇంక అయిపోయింది, బిడ్డను రెక్క పట్టి లాక్కొచ్చి రాయిస్తాడు అనుకున్నాను. వాడు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. కాలువ వైపు చూశాడు. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి గోపిక ఒక మొండి గొర్రెను తిడుతోంది.

"రాయదు మేడం," అన్నాడు.

"తనను ఒకసారి అడగరా మీరు?" అంది మేడం.

"ఎందుకు, రాయదు. మీరు మజ్జిగ తాగుండ్రి."

మేడం మజ్జిగ తాగింది. కాగితం మళ్లీ సంచిలో పెట్టుకోలేదు. మంచం మీదే వదిలి పోయింది, మరిచిపోయి కాదు. ఆ కాగితం వెనకవైపు గోపిక ఆ సాయంత్రమే ఏవో లెక్కలు చేసుకుంది.

మేం ఆ పాటికి సూర్యాపేట దాటి ఇంటి దారి పట్టాలి. మట్టయ్య వచ్చి అడిగాడు. "సత్తెమ్మక్కా, నీ కొడుకు ఇంకా ఈడనే ఉంటనంటుండు. నా పొలానికి ఎరువు సాలు, ఇంక వడ్లు కొలవలేనంటే, వడ్లెవడు అడిగిండు, గోడ పక్కకు జరుగుతం, ఉండనియ్యి సాలు అంటుండు. ఏం కథ?"

"గోడ నీడ మంచిగున్నది," అన్నాను.

మర్నాడు పొద్దెక్కాక తెలిసింది ఏం కథో. లోపల పరీక్ష అయిపోగానే రూప గోడ దగ్గరికి వచ్చి ప్రశ్నపత్రం మడిచి ఇవతలికి వేసింది. రామనర్సయ్య తుమ్మచెట్టు కింద తన గొంగడి పరిచాడు. గోపిక ట్రంకుపెట్టె బోర్లించి, దాని మీద తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చుంది.

"ఎంత సేపు ఉంటది?" అని వాడు దాన్నే అడిగాడు, నన్ను కాదు.

"మూడు గంటలు నాయినా."

"అమ్మా, నువ్వు కూసో. పరీక్షల సారు ఉంటడు గద, గట్ల." అని, మంద చప్పుడు ఇటు రాకుండా గొర్రెలను పొలం ఆ చివరికి తోలుకుపోయాడు.

నాకు బాధేసింది. "రాసి ఏం లాభం బిడ్డా? దిద్దేటోళ్లు లేరు, మార్కులు లేవు."

"వచ్చే ఏడు మళ్ల రాస్త గద, గప్పుడు మార్కులు. ఇప్పుడైతే నాకొస్తదని నాకు తెల్వాలె. రాయనియ్యమన్నరు గని నాయనమ్మా, రాదని అనలే గద."

అట్లా ప్రతి పరీక్షా రాసింది. లోపల ఎన్ని రాశారో ఇవతల అన్నీ. వాచ్‌మన్ ఒకరోజు గోడ మీదుగా తొంగి చూశాడు. మమ్మల్ని చూసి, ఆకాశంలోకి చూసి, బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు. మట్టయ్య ఏదో అడగబోతే నేను కర్ర చూపించి పంపించేశాను. కొంచెం పెత్తనం ఎక్కువే చేశాను, ఒప్పుకుంటాను. ఒక గొర్రెపిల్ల కాగితం కొస నమిలితే దాన్ని కూడా బయటికి పంపాను.

ఆఖరి పరీక్ష రోజు వడగాలి తోలుతోంది. గోడ అవతల అప్పటికే పరీక్షలు అయిపోయి పిల్లలు కేరింతలు కొడుతున్నారు, రంగులు చల్లుకుంటున్నారు, ఎవరో పాటలు పెట్టారు. గోపిక తల ఎత్తలేదు. చెమట మోచేతి మీదుగా కారుతుంటే చున్నీతో తుడుచుకుంటూ రాస్తూనే ఉంది. దూరంగా వాళ్ల నాయిన కర్ర మీద గడ్డం ఆనించి ఇటే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి అది కుడి చెయ్యి పైకెత్తింది. చూపు కాగితం మీదే ఉంది.

"మేడం, అడిషనల్."

నన్నే. నేను లేచాను. కొంగుతో చేతులు తుడుచుకుని, రాయి కింద ఎగరకుండా పెట్టిన తెల్లకాగితాల్లోంచి ఒకటి తీసి దాని ముందు పెట్టాను.

"ఇంక టైమున్నది," అన్నాను. "ఆగమాగం చెయ్యకు. రాయి."